మనం అల్లిన కథకు బొమ్మలు: చేత్తో గీయాలా, ఏఐని అడగాలా, పిల్లలకే వదిలేయాలా?

పడుకునే ముందు పిల్లలకు మనమే అప్పటికప్పుడు అల్లి చెప్పే కథలుంటాయి కదా, వాటిని నాలుగు కాగితాల మీద బొమ్మలతో ఎక్కిద్దామనుకునేవాళ్లకు ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలున్న ఇళ్ల సంగతే చెబుతున్నా. నా ఓటు మాత్రం నల్ల పెన్నుతో మనం గీసిన గీతకూ, అందులో పిల్లలు నింపిన రంగుకూ. మిగతావి పనికిరావని కాదు, వాటి చోటు వేరు.

బొమ్మ ఎంత అందంగా ఉందన్నది ఈ వయసు పిల్లలకు తర్వాతి మాట. మొదటి పేజీలో చూసిన మేకే ఆరో పేజీలోనూ ఉండాలి, అదీ ముఖ్యం. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న కథలో ఒక మేక పల్లెవెలుగు బస్సెక్కి సంతకు పోతుంది, దాని మెడలో గంట ఉంటుంది. ఒక పేజీలో ఆ గంట లేకపోతే పెద్దవాళ్లకు కనబడను కూడా కనబడదు. నాలుగేళ్ల పిల్ల మాత్రం "ఇది ఆ మేక కాదు" అని అక్కడే ఆపేస్తుంది. గంట ఏమైందో తేలేదాకా కథ కదలదు.

ఏఐతో వచ్చే చిక్కు సరిగ్గా ఇక్కడే. ఒక్క బొమ్మ అడిగితే కళ్లు తిప్పుకోలేనంత బాగా ఇస్తుంది, ఎనిమిది అడిగితే ఒకదాంట్లో మచ్చల మేక, ఇంకోదాంట్లో తెల్ల మేక. మొదటి బొమ్మనే మళ్లీ అప్‌లోడ్ చేసి "ఇదే మేక, ఇప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుంది" అని అడిగితే ఈమధ్య చాలావరకు పట్టుకుంటోంది. గూగుల్ వాళ్ల ఏఐ జెమినీలో 2025లో స్టోరీబుక్ అని ఒకటి వచ్చింది, కథ క్లుప్తంగా చెబితే చాలు, 10 పేజీల బొమ్మల పుస్తకం చేసి చదివి కూడా వినిపిస్తుంది. ఆఫీసు నుంచి వచ్చేసరికే పొద్దుపోయే వాళ్లకు అది చిన్న సాయమేమీ కాదు. కానీ మన వాకిలి, మన వసారా దానికి సరిగ్గా తెలియవు. నులకమంచం అడిగితే చెక్కమంచం, పరుపు వేసి ఇవ్వడం మామూలే. బస్సు బోర్డు మీద తెలుగు రాయమంటే గుణింతాలు కలగాపులగం అవుతుంటాయి, అక్షరాలు దిద్దుతున్న పిల్లల ముందు అలాంటివి పెట్టకూడదు. అందుకని ఏఐ బొమ్మలు తీసుకున్నా రాత మటుకు మన చేత్తోనే రాయండి, ప్రింట్ తీసి కాగితం మీదే చూపించండి, నిద్రవేళ మళ్లీ ఫోన్ చేతికివ్వకుండా. కథలో మన పిల్లే ఉండాలని పిల్ల ఫొటో ఎక్కించడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. రెండు జడలు, పచ్చ గౌను అని మాటల్లో చెబితే సరిపోతుంది.

"నాకు గీయడం రాదండీ" అనేవాళ్లకే నేను చేతి బొమ్మలు గట్టిగా చెబుతాను. ఇంట్లో పాత శుభలేఖ ఏదైనా ఉంటే తీయండి, అట్ట మందంగా ఉంటుంది. దాని వెనక మేకను పక్క నుంచి చూసినట్టు, అరచేతిలో సగమంత, గీసి కత్తిరించండి. గుండ్రటి పొట్ట, నాలుగు కాళ్లు, చిన్న తోక చాలు. ఆ ముక్కను ప్రతి పేజీ మీదా పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పితే ఎన్ని పేజీలైనా అదే మేక వస్తుంది. తిరగేసి పెడితే సంత నుంచి ఇంటికొస్తున్న మేక. కన్ను మాత్రం పేజీ పేజీకీ మార్చుకోవాలి: చుక్క పెడితే మెలకువగా ఉన్నట్టు, కిందికి వంగిన గీత పెడితే నిద్రపోయినట్టు, పెద్ద సున్నాలో చుక్క పెడితే బస్సు తప్పిపోయినట్టు. శుభలేఖలో మిగిలిన బంగారు అంచులు సంతలో పందిళ్లకు అతికించుకోవచ్చు.

కాగితం సంగతి కూడా చూసుకోవాలి. జిరాక్స్ కాగితం పల్చన, 75, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) ఉంటుంది కాబట్టి స్కెచ్ పెన్ వెనక్కి దిగుతుంది, వాటర్ కలర్ వేస్తే ముడతలు పడుతుంది, మైనం క్రేయాన్లు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. ఆయిల్ పాస్టెల్ రంగు చిక్కగా, ముచ్చటగా ఉంటుంది గానీ ఎదుటి పేజీకీ దుప్పటికీ అంటుతుంది, మంచం మీద తిరగేసే పుస్తకానికి వద్దు. నాలుగు ఏ4 కాగితాలను మధ్యకు మడిస్తే 16 పేజీలు. మామూలు స్టేప్లర్ మధ్య మడత దాకా అందదు, పిన్ను వేలికి గుచ్చుకుంటుంది కూడా, సూదితో మూడు చోట్ల పొడిచి దారంతో కుట్టేయండి.

మొత్తం పిల్లలే గీస్తే? తలకాయ నుంచే కాళ్లు మొలిచిన మనుషులు వస్తారు, మూడు నాలుగేళ్లప్పుడు పిల్లలు అలాగే గీస్తారు, దాచుకోవడానికి అంతకంటే మంచివి ఉండవు. అయితే రెండు నెలల తర్వాత ఏది మేకో ఏది బస్సో గీసినవాళ్లే చెప్పలేరు. అందుకే మేకను నేను గీసి, దాని సంచి ఖాళీగా వదిలేస్తాను. సంతలో ఏం కొన్నదో పిల్ల గీస్తుంది, కథ అటు తిరుగుతుంది. ఈ పని సాయంత్రమే అయిపోవాలి, పడుకునేముందు క్రేయాన్లు బయటికి తీస్తే ఇక నిద్ర రాదు.

గీయడం కాదు, అసలు కథ అల్లడమే కష్టం అనుకునేవాళ్లకు పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్ మేలు. 2015 నుంచి ఉంది, తెలుగులోనూ కథలున్నాయి. అక్కడి బొమ్మలు క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద ఉంటాయి, వేసినవాళ్ల పేరు రాసి మన కథకు వాడుకోవచ్చు. బస్సెక్కే మేక దొరక్కపోవచ్చు, దొరికిన బొమ్మను బట్టే కథ కట్టుకోవాలి.

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి, వీడియో కాల్‌లో అమ్మమ్మ చెప్పే కథకు బొమ్మలు వేద్దామనుకుంటే ఊరి ఫొటోలు తెప్పించుకోండి. ప్రింట్‌ను పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి, పైన తెల్ల కాగితం పెట్టి బావి, తులసికోట, అరుగు వరకు పెన్సిల్‌తో దించుకోవచ్చు. బావికి గిలక ఉందా, అరుగు ఎటువైపు అని అమ్మమ్మనే అడిగి గీయండి. వేసవి సెలవులకు ఊరెళ్లాక పిల్లలు ఒక్కోటీ సరిచూసుకుంటారు.