ఫ్రెటర్నిటీ సభ్యత్వ నియమం మార్చాలంటే: ఒక్కసారిగానా, చాప్టర్ ఇష్టానికా, గడువు పెట్టా? ఏది మేలు?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకున్న విద్యార్థి సంఘాలు, అంటే ఫ్రెటర్నిటీలు, అనగానే మనవాళ్లకు ముందుగా విందులూ సొంత భవనాలూ గుర్తుకొస్తాయి. ఆల్ఫా ఫై ఒమేగా ఆ కోవకు చెందినది కాదు. అది 1925 డిసెంబరు 16న, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్ పట్టణంలో ఉన్న లఫయెట్ కళాశాలలో ఫ్రాంక్ రీడ్ హోర్టన్ అనే విద్యార్థి చొరవతో పుట్టిన సేవా ఫ్రెటర్నిటీ. స్కౌటు ఉద్యమపు ఆదర్శాలను కళాశాల విద్యార్థుల దాకా తీసుకురావాలన్నది ఆయన సంకల్పం. నాయకత్వం, స్నేహం, సేవ అన్న మూడింటినీ మూలసూత్రాలుగా పెట్టుకున్న ఆ సంఘంలో చేరాలంటే తొలినాళ్లలో రెండు షరతులు ఉండేవి: అభ్యర్థి పురుషుడై ఉండాలి, అతనికి స్కౌటింగ్‌తో సంబంధం ఉండాలి. ఈ రెండూ ఇవాళ లేవు. స్కౌటింగ్ షరతు 1967లో పోయింది. పురుషులకే సభ్యత్వమన్న షరతు పూర్తిగా పోవడానికి మాత్రం 1976లో మొదలైన మార్పు 2006 దాకా, అంటే ముప్పై ఏళ్లపాటు, సాగవలసి వచ్చింది.

ఆ ముప్పై ఏళ్లు ఎందుకు పట్టాయన్న ప్రశ్న పాత చరిత్రకు మాత్రమే పరిమితమైనది కాదు. దేశవ్యాప్తంగా చాప్టర్లు, అంటే ఒక్కో విద్యాసంస్థలో ఒక్కో శాఖ, ఉన్న ఏ సంఘంలోనైనా సభ్యత్వ నియమం మార్చాలని ప్రతిపాదన రాసేవారి ముందు మూడు దారులుంటాయి. అన్ని చాప్టర్లకూ ఒకే రోజున ఒకే నియమం పెట్టడం ఒకటి, ఎవరి చాప్టర్ సంగతి వారే తేల్చుకోమనడం రెండోది, నియమం అందరికీ ఒకటే అయినా అమలుకు గడువు ఇవ్వడం మూడోది. ఆల్ఫా ఫై ఒమేగా వీటిలో రెండో దారిన బయలుదేరి మూడో దారిన గమ్యం చేరింది కాబట్టి, ఈ దారులను పోల్చి చూడడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

మొదటి దారికున్న బలం స్పష్టత. సభ్యుడయ్యే హక్కు ఏ ఊళ్లో చదువుతున్నామన్న దానిమీద ఆధారపడకూడదు. ఒక విశ్వవిద్యాలయంలో సభ్యురాలైన విద్యార్థిని మరో విశ్వవిద్యాలయానికి బదిలీ అయినప్పుడు, అక్కడి చాప్టర్ ఆమెను గుర్తించకపోతే, జాతీయ సభ్యత్వమన్న మాటకు అర్థమే ఉండదు. దీనికి చట్టం ఒత్తిడి కూడా తోడయింది. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో అమెరికా తెచ్చిన టైటిల్ నైన్ చట్టానికి 1974లో చేసిన సవరణ సోషల్ ఫ్రెటర్నిటీలకు, సొరోరిటీలకు (స్త్రీల సంఘాలకు) మినహాయింపు ఇచ్చింది. చట్టం వాడిన మాట ‘సోషల్’ కావడంతో, సేవనే తన పనిగా చెప్పుకొనే ఫ్రెటర్నిటీకి ఆ గొడుగు కిందకు చేరే వీలు లేకపోయింది. ఫెడరల్ నిధులు అందుకొనే విశ్వవిద్యాలయం తన గుర్తింపుతో నడిచే పురుషుల చాప్టర్‌ను ఎందుకు కొనసాగనిస్తున్నావన్న ప్రశ్నకు ఏదో ఒకనాడు జవాబు చెప్పుకోక తప్పదు.

బలహీనత ఓట్ల లెక్కలో ఉంది. అమెరికా సంఘాల్లో సభా నిర్వహణకు ఎక్కువగా ప్రమాణంగా తీసుకొనే రాబర్ట్స్ రూల్స్ ప్రకారం, సంఘం తనకంటూ వేరే పద్ధతి రాసుకోకపోతే, బైలాస్ (సంఘం నియమావళి) సవరణకు ముందస్తు నోటీసుతోపాటు పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు కావాలి. మూడు వందల ఓట్లు పోలయ్యాయనుకుంటే, నూటొక్క ఓట్లు ప్రతిపాదనను ఆపేయగలవు. ఒక్కసారిగా అమలయ్యే నియమానికి వ్యతిరేకులు ఇద్దరు ముగ్గురితో ఆగరు. మార్పు మంచిదే గాని మా చాప్టర్‌కు ఇప్పుడే వద్దు అనేవారు కూడా వ్యతిరేకులతో కలిసి చేతులెత్తుతారు. మొదటి దారిలో ప్రతిపాదన ఓడేది చాలావరకు ఈ రెండో రకం వారి వల్లనే.

అందుకే 1976లో అట్లాంటాలో జరిగిన జాతీయ కన్వెన్షన్ (చాప్టర్ల ప్రతినిధుల మహాసభ) రెండో దారికి మొగ్గింది. స్త్రీలకు సభ్యత్వం ఇవ్వడానికి నియమం తలుపు తెరిచింది. కాని ఏ చాప్టర్‌నూ బలవంతంగా ఉభయుల చాప్టర్‌గా మార్చబోమన్న అవగాహన ఒకటి దాని పక్కనే, నియమం పాఠంలోకి ఎక్కకుండా, నిలిచింది. దాన్ని పెద్దమనుషుల ఒప్పందం అనేవారు. ఆ మాట వినగానే తెలుగువారికి 1956 గుర్తుకు రాక మానదు. 1956 నాటి ఒప్పందం కాగితం మీదైనా ఉండేది. దానికి చట్టబద్ధత ఎంత, అమలు చూసే బాధ్యత ఎవరిది అన్న వాదన మాత్రం తరాలు నడిచింది. రెండు సందర్భాల స్థాయి వేరు, నేను వాటిని సమానం చేయడం లేదు. నియమం బయట ఉంచిన హామీ ఎలాంటి జీవితం గడుపుతుందో మనకు మరొకరు చెప్పనక్కరలేదన్నదే నా ఉద్దేశం.

విద్యార్థి సంఘంలో ఈ బలహీనత మరింత పదునెక్కుతుంది. నాలుగేళ్లకొక తరం చొప్పున లెక్కిస్తే, 1976 నుంచి 2006 లోపల ఏడు తరాల విద్యార్థులు వచ్చి వెళ్లారు. ఒప్పందం కుదిరినప్పుడు సభలో కూర్చున్న విద్యార్థి ప్రతినిధి ఎవరూ 1980ల నడుమ నాటికి విద్యార్థిగా మిగిలి ఉండడు. ఆ తర్వాత మిగిలేది ఒప్పందం గురించిన కథే. పురుషుల చాప్టర్ దాన్ని శాశ్వత హక్కుగా చెప్పుకొంటుంది, ఉభయుల చాప్టర్ తాత్కాలిక సర్దుబాటుగా చెప్పుకొంటుంది. తేల్చడానికి రాసిపెట్టిన వాక్యం ఉండదు.

అయినా రెండో దారిని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. 1976లో అది తప్ప మరేదీ నెగ్గేది కాదేమో. అదీగాక, ఆ ముప్పై ఏళ్లలో అధికశాతం చాప్టర్లు ఎవరూ బలవంతం చేయకుండానే స్త్రీలను చేర్చుకున్నాయి, వారు అధికారులయ్యారు, కన్వెన్షన్‌లో ప్రతినిధులయ్యారు. 2006లో ఓటు వేసిన సభ 1976 నాటి సభ కాదు. ఇక్కడ భాషకు సంబంధించిన ఒక విశేషం చెప్పుకోవాలి. ఈ సంఘంలో స్త్రీ సభ్యులను కూడా బ్రదర్ అనే పిలుస్తారు. నియమం మారింది, సంబోధన మారలేదు. తెలుగులో ఆ పదాన్ని సోదరుడు అని అనువదించబోతే క్రియాపదం దగ్గరే చిక్కుపడతాం కాబట్టి, మన విద్యార్థినులు దాన్ని ఇంగ్లీషు మాటగానే ఉంచుకోవడం మేలు.

2006 కన్వెన్షన్ చేసినది మూడో దారి. మిగిలిన పురుషుల చాప్టర్లు కూడా ఉభయుల చాప్టర్లుగా మారాలని నిర్ణయించి, తర్వాతి కన్వెన్షన్ దాకా, అంటే 2008 దాకా, వ్యవధి ఇచ్చింది. ఇందులో నాకు నచ్చినది గడువు ఉండడం ఒక్కటే కాదు, ఆ గడువు కొలత. ఒక కన్వెన్షన్ నుంచి మరో కన్వెన్షన్ దాకా అన్నప్పుడు, నచ్చని చాప్టర్‌కు తన వాదన మరోసారి సభ ముందు పెట్టుకొనే అవకాశం మిగులుతుంది, కాని దాన్ని సాగదీసే వీలు ఉండదు. ఆరు నెలల గడువు పెడితే చాప్టర్ కోపంలో ఉండగానే ముగిసిపోతుంది. ఆరేళ్ల గడువు పెడితే దాన్ని గుర్తుపెట్టుకొనేవారు మిగలరు, మళ్లీ పెద్దమనుషుల ఒప్పందమే అవుతుంది.

గడువును ఎక్కడ రాయాలన్నది కూడా చిన్న విషయం కాదు. 2008 తర్వాత అని నియమం పాఠంలోనే రాస్తే, గడువు తీరాక కూడా ఆ మాట బైలాస్‌లో అర్థం లేకుండా ఉండిపోయి, దాన్ని తీసేయడానికి మరో సవరణ కావలసి వస్తుంది. రాబర్ట్స్ రూల్స్ దీనికి మంచి పరిష్కారం చూపాయి. అమలు తేదీని, మధ్యకాలపు ఏర్పాట్లను సవరణకు అనుబంధమైన ప్రత్యేక షరతుగా పెట్టి విడిగా ఆమోదించుకోవచ్చు. కొత్త నియమం ఒకే వాక్యంగా శుభ్రంగా ఉంటుంది, మార్పుకాలపు వివరం దాని వెంట నడిచి పని ముగిశాక తప్పుకుంటుంది.

వీటన్నిటికీ విరుద్ధమైన మరో చరిత్ర రోటరీది. మన జిల్లా కేంద్రాల్లోనూ చిన్న పట్టణాల్లోనూ రోటరీ, లయన్స్ క్లబ్బులు సుపరిచితమే కాబట్టి దాన్ని కూడా పక్కన పెట్టి చూడాలి. కాలిఫోర్నియాలోని డువార్టే క్లబ్బు 1977లో ముగ్గురు స్త్రీలను చేర్చుకున్నప్పుడు, అంతర్జాతీయ సంస్థ 1978లో ఆ క్లబ్బు చార్టర్‌ను, అంటే శాఖగా ఇచ్చిన గుర్తింపును, రద్దు చేసింది. వ్యాజ్యం అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లి, 1987 మే 4న క్లబ్బుకు అనుకూలంగా తీర్పు వచ్చింది. 1989లో రోటరీ శాసన మండలి పురుషులకే సభ్యత్వమన్న నియమాన్ని తీసేసింది. లయన్స్, కివానిస్ సంస్థలు 1987లోనే ఆ పని చేశాయి. ఆల్ఫా ఫై ఒమేగాలో కేంద్రం తలుపు తెరిస్తే కొన్ని శాఖలు వెనకాడాయి. రోటరీలో శాఖ ముందుకు నడిస్తే కేంద్రం అడ్డుపడింది. అంటే శాఖకు స్వేచ్ఛ ఇవ్వడమన్నది దానంతటదే సంప్రదాయవాదమూ కాదు, సంస్కరణవాదమూ కాదు. డువార్టే వంటి శాఖకు స్వేచ్ఛ ఉంటే మార్పు పదేళ్లు ముందు వచ్చేది. రెండో దారి వైపు నుంచి వినదగ్గ వాదనల్లో ఇది అన్నిటికంటే గట్టిదని నేను ఒప్పుకుంటాను.

అయినా నా తీర్పు మూడో దారికే. ఎవరు సభ్యులు కావచ్చునన్నది కేంద్ర నియమంలో, ఒక కన్వెన్షన్ నుంచి మరో కన్వెన్షన్ వరకు గడువుతో ఉండాలి. సభ్యులైన తర్వాత సెమిస్టరుకు ఎన్ని గంటల సేవ, ఎన్ని సమావేశాలు, చాప్టర్ రుసుము ఎంత అన్నవి శాఖ చేతిలోనే ఉండాలి. మొదటిది హక్కు, రెండోది నిర్వహణ. ఉదయం తరగతులు, సాయంత్రం ఉద్యోగం ఉన్న విద్యార్థులతో నిండిన నగర కళాశాల చాప్టర్‌కూ, అందరూ ప్రాంగణంలోనే నివసించే చిన్న కళాశాల చాప్టర్‌కూ ఒకే గంటల లెక్క కేంద్రం నుంచి దిగితే, అది ఒకచోట భారమూ మరోచోట నామమాత్రమూ అవుతుంది.

చాప్టర్ల ఏర్పాటు, రద్దు విషయానికి వస్తే బేరీజు మరోలా ఉంటుంది. విస్తరణలో ఈ సంఘానికి మంచి పూర్వానుభవం ఉంది. 1931 నుంచి 1946 దాకా జాతీయ అధ్యక్షుడిగా ఉన్న హెచ్. రో బార్టిల్ కాలంలో చాప్టర్లు పద్దెనిమిది నుంచి నూటతొమ్మిదికి పెరిగాయి. (తర్వాత కాన్సస్ సిటీ మేయరైన ఈయన ముద్దుపేరు చీఫ్. అక్కడి ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది.) పెంచడం వచ్చిన సంఘానికి తగ్గినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న కూడా వస్తుంది. సభ్యుల సంఖ్య ఫలానా కంటే తగ్గితే చార్టర్ రద్దు అన్న నియమం ఒకటి, తగ్గితే విచారణ అన్న నియమం మరొకటి. విద్యార్థి చాప్టర్ సాధారణంగా ఒకే ఏడాది కూలిపోతుంది. చురుకైన నలుగురు ఒకేసారి పట్టభద్రులైతే చాలు, తర్వాతి శరత్కాలంలో కొత్తవారిని చేర్చుకొనేవారే ఉండరు. అలాంటి చాప్టర్‌ను సంఖ్య చూసి మూసేస్తే, ఒక ఏడాది దురదృష్టానికి దశాబ్దాల శ్రమ పోతుంది. సంఖ్యను తలుపు తట్టే గుర్తుగా వాడి, పక్క చాప్టర్ నుంచో పూర్వ విద్యార్థుల నుంచో రెండు సెమిస్టర్ల సాయం ఇప్పించిన తర్వాతే రద్దు మాట ఎత్తడం మేలు. మూతపడిన చాప్టర్ మళ్లీ లేస్తే తన పాత గ్రీకు అక్షరాలనే తిరిగి పొందే ఆనవాయితీ ఈ సంఘంలో ఉంది కాబట్టి రద్దు కూడా శాశ్వత మరణం కాదు. ఒకే సంఖ్యను రెండు వేల మంది చదివే కళాశాలకూ యాభై వేల మంది చదివే విశ్వవిద్యాలయానికీ పెట్టడంలోని అన్యాయాన్ని వివరించనక్కరలేదు.

ఇక ప్రతిపాదన రాసేవారి ఇబ్బంది. కన్వెన్షన్ రెండేళ్లకొకసారి జరుగుతుంది. నాలుగేళ్ల డిగ్రీ విద్యార్థికి రెండు కన్వెన్షన్లు దక్కుతాయి. రెండేళ్ల మాస్టర్స్‌కు వెళ్లే మన తెలుగు విద్యార్థుల్లో ఎవరైనా చాప్టర్‌లో చేరి సవరణ తలపెడితే దక్కేది ఒక్కటే, అది కూడా చాలామందికి మొదటి సెమిస్టరు చివరనో మూడో సెమిస్టరు చివరనో వస్తుంది. కాబట్టి రాసినవాడు సభలో లేకపోయినా అర్థమయ్యేలా ప్రతిపాదన ఉండాలి: పాత వాక్యం, కొత్త వాక్యం, కారణం, మార్పుకాలపు షరతు. ఒక ప్రతిపాదనలో ఒక్క విషయమే ఉండాలి. సభ్యత్వాన్ని, రుసుమును, చార్టర్‌ను ఒకే మూటలో కడితే మూడింటినీ వ్యతిరేకించే మూడు గుంపులు ఒకే వైపు చేరి, విడివిడిగా నెగ్గగలిగినవాటిని కూడా ఓడిస్తాయి.

అమలు తేదీ దగ్గర మరో చిక్కు ఉంది. కన్వెన్షన్ డిసెంబరు చివర్లో ముగుస్తుంది. కొన్ని వారాల్లోనే వసంత సెమిస్టరు మొదలై, కొత్త ప్లెడ్జిల (సభ్యత్వానికి సిద్ధమయ్యే అభ్యర్థుల) చేరిక కూడా ప్రారంభమవుతుంది. సభ ముగిసిన మరుక్షణం నుంచి అమలు అని రాస్తే, ప్రతినిధి ఇంటికి చేరి నిర్ణయం వివరించేలోపే పాత నియమంతో చేరికల ప్రకటనలు గోడలెక్కి ఉంటాయి. తర్వాతి ఆగస్టులో మొదలయ్యే విద్యా సంవత్సరం నుంచి అని రాస్తే చాప్టర్‌కు ఒక సెమిస్టరు, ఒక వేసవి దొరుకుతాయి. ప్రతిపాదనలో చివరి పంక్తిగా ఆ తేదీనే రాయమని నా సలహా.