అటక మీది ప్రభువు: ఆమ్‌స్టర్‌డామ్‌లో చూడదగిన ఒక మ్యూజియం

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే, ఔడెజైడ్స్ వోర్‌బర్గ్‌వాల్ అనే కాలువ గట్టున, ఎర్రదీపాల పేటగా పేరుపడ్డ వీధుల నడుమ, 17వ శతాబ్ది నాటి వర్తకుడి ఇల్లొకటి కనిపిస్తుంది. ఇరుగుపొరుగు ఇళ్ళకూ దానికీ పైకి తేడా ఏమీ ఉండదు. అవే ఇటుక గోడలు, అవే పొడుగాటి కిటికీలు, అదే కోసుగా లేచిన కప్పు. ఆ కప్పు కింద పూర్తి స్థాయి రోమన్ కాథలిక్ గుడి ఒకటి దాగి ఉన్నది. ‘ఒన్స్ లీవ హేర్ ఒప్ సోల్డర్’ అన్న మ్యూజియం పేరును తెలుగులో చెప్పాలంటే ‘అటక మీది మన ప్రభువు’ అనవచ్చు. 1888లో తెరిచిన ఈ మ్యూజియం ఆ నగరంలోని పాత మ్యూజియంలలో ఒకటి. పెద్ద పెద్ద చిత్రశాలల ముందు బారులు తీరే పర్యాటకులలో చాలామంది దీని దాకా రారు. ఆ నగరంలో ఒక్క పూటే గడిపే వీలున్నవారికి నేను మొదట చెప్పే చోటు మాత్రం ఇదే.

అంతకు ముందురోజు కాలువల్లో పడవ మీద తిప్పిన ఒక గైడు, హాలండు మొదటినుంచీ పరమతసహనానికి పుట్టిల్లని, ఇక్కడ ఎవరి దేవుణ్ణి వారు నిశ్చింతగా కొలుచుకున్నారని చెప్పాడు. అది సగం నిజం. మిగిలిన సగం ఈ ఇంటి మెట్లెక్కితే తెలుస్తుంది.

కొంత నేపథ్యం లేకుండా వెళితే ఈ ఇల్లు ఒక వింత కట్టడంగా మాత్రమే మిగిలిపోతుంది కనుక నాలుగు మాటలు చెప్పాలి. నెదర్లాండ్స్ స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1566లో, ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ బోధను నమ్మినవారు ఊరి గోడల అవతల పొలాల్లో గుమిగూడి ప్రసంగాలు వినేవారు. ఆ ఆగస్టులో వారిలో ఆవేశపరులు గుళ్ళలోకి చొరబడి విగ్రహాలను పగలగొట్టారు. మరుసటి యేడు రాజు పంపిన ఆల్బా డ్యూక్ ప్రత్యేక న్యాయస్థానం పెట్టి వెయ్యిమందికి పైగా మరణశిక్ష అమలు చేయించాడు. 1568 జూన్‌లో బ్రస్సెల్స్ నడిబజారులో తలలు పోగొట్టుకున్న ఎగ్మాంట్, హోర్న్ ప్రభువులిద్దరూ కాథలిక్కులే. రాజు మీద రేగిన తిరుగుబాటును మతం ఒక్కటే నడిపించలేదనడానికి అంతకన్న నిదర్శనం అక్కరలేదు. ఆమ్‌స్టర్‌డామ్ మాత్రం చాలాకాలం రాజుకు విధేయంగానే ఉండి, 1578 ఫిబ్రవరిలో, కాథలిక్కుల ఆరాధనకు భంగం రాదన్న ఒప్పందం మీద తిరుగుబాటు పక్షంలో చేరింది. మే 26న ఆ ఒప్పందం నీటిపాలైంది. కాథలిక్ నగరపాలకులను, సన్యాసులను పడవలెక్కించి ఊరు దాటించారు. రక్తం చిందలేదు. గుళ్ళు మాత్రం ప్రొటెస్టెంట్ల చేతికి మారాయి.

1581 జూలైలో తిరుగుబాటు రాష్ట్రాలు ఫిలిప్‌ను తమ ఏలిక కాదని త్రోసిపుచ్చుతూ చేసిన ప్రకటనలో, దేవుడు ప్రజలను రాజు కోసం సృష్టించలేదనీ, రాజే ప్రజల కోసం ఉన్నాడనీ రాసుకున్నారు. ఆ యేడే హాలండ్ రాష్ట్రంలో కాథలిక్కుల బహిరంగ ఆరాధన నిషిద్ధమైంది. అత్తా ఒకింటి కోడలే అంటారు మనవాళ్ళు. ఆ సంగతి అత్తగారికి ఎంతకాలం గుర్తుంటుందో సామెత చెప్పదు. అయితే తిరుగుబాటు రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న 1579 నాటి ఉట్రెక్ట్ ఒడంబడికలోని 13వ అధికరణం, మతం విషయంలో ఎవరి అంతరాత్మనూ విచారణకు గురిచేయరాదని ముందే హామీ ఇచ్చింది. నమ్మకం నీ ఇష్టం, గుడి మాత్రం కనబడకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే మనం చూడబోయే అటక ఇరుక్కొని ఉన్నది.

యాన్ హార్ట్‌మన్ అనే కాథలిక్ వర్తకుడు 1661లో కాలువ గట్టున ఉన్న ఇంటినీ, దాని వెనక సందులో ఉన్న మరి రెండు ఇళ్ళనూ కొని, మూడింటి అటకలనూ కలిపి 1663 నాటికి గుడి కట్టించాడు. స్పెయిన్‌తో సంధి కుదిరి అప్పటికి పదమూడేళ్ళు దాటింది; శత్రువు పోయినా నిషేధం పోలేదు. దర్శనం మొదట కింది అంతస్తులతో మొదలవుతుంది. హార్ట్‌మన్ అతిథులను కూర్చోబెట్టిన పెద్ద సావడిలో ప్రతిదీ కొలత ప్రకారం ఎదురెదురుగా అమరి ఉంటుంది. వచ్చినవాడు ప్రొటెస్టెంటు వ్యాపారి అయినా సరే, ఆ గదిలో కూర్చుని లెక్కలు మాట్లాడుకుని, నెత్తిమీద ఏముందో చూడకుండా వెళ్ళిపోగలడు. ఇంకాస్త పైకి వెళితే మెట్ల మలుపులో పూజ నడిపే గురువుగారి చిన్న గది, గోడలోనే అమర్చిన మంచం ఉన్నాయి. ఒక భక్తసంఘానికి ఆత్మసంరక్షకుడైన మనిషి కాళ్ళు చాపుకోవడానికి వీల్లేని అలమారలాంటి ఆ పడకను చూసినప్పుడు, నిషేధమన్న మాటకు అర్థం చట్టాలు చదివినప్పటికంటే బాగా తెలిసింది.

ఆ తర్వాత ఇంకొన్ని ఇరుకు మెట్లు. తల పైకెత్తేసరికి ఒక్కసారిగా చోటు విశాలమవుతుంది. పై అంతస్తుల నేలలను మధ్యలో కోసి తీసి, చుట్టూ మిగిలిన అంచులను ఇనుప కడ్డీలతో పైకప్పుకు వేలాడదీయడంతో రెండు వరుసల వసారాలు ఏర్పడ్డాయి. గోడలకు వేసిన మాసిన గులాబీ రంగును పాత పొరలు పరిశీలించి ఇటీవలి పునరుద్ధరణలో తిరిగి తెచ్చారు. ముందు బలిపీఠం, దాని మీద యాకబ్ డ విట్ 1716లో గీసిన క్రీస్తు బాప్తిస్మ చిత్రం, రెండు పక్కలా పాలరాతిలా రంగు వేసిన కర్ర స్తంభాలు ఉన్నాయి. వాటిలో ఒకదాని అడుగుభాగం తలుపులా తెరుచుకుంటుంది. లోపలినుంచి మహాగని చెక్క ప్రసంగపీఠం తిరిగి బయటికి వస్తుంది. దొంగచాటు ఏర్పాటేమో అనుకున్నాను గాని, అసలు కారణం చోటు చాలకపోవడమే. గుడి మొత్తమే దాగి ఉన్నప్పుడు అందులో మళ్ళీ ప్రసంగపీఠాన్ని దాచే అవసరం ఎవరికుంటుంది?

నిజానికి ఆ గుడి ఎవరికి దాగి ఉన్నది? ఆదివారం పూట నూరుమందికి పైగా జనం పక్క సందు తలుపులోంచి ఒక ఇంట్లోకి వెళ్ళి, గంటసేపటి తర్వాత బయటికి వస్తుంటే ఇరుగుపొరుగుకు తెలియకపోదు. పోలీసు అధికారికీ తెలుసు. ఆయనకు ఏటేటా ముట్టవలసింది ముట్టేది. హార్ట్‌మన్ పోయిన తర్వాత ఇల్లు ఒక ప్రొటెస్టెంటు వర్తకుడి చేతికి వచ్చినా, అతను గుడిని ఎత్తివేయకుండా కాథలిక్కులకే అద్దెకిచ్చుకున్నాడు. చూసీ చూడనట్టు ఊరుకోవడం అన్న మన మాట ఈ ఏర్పాటుకు అతికినట్టు సరిపోతుంది. దీన్ని సహనమనడానికి నాకు నోరు రాదు. హింస అనడమూ అన్యాయమే, ఎందుకంటే అదే కాలంలో యూరప్‌లోని చాలా దేశాలలో ఈపాటి సందు కూడా దొరకలేదు. విధేయతను వీధి గోడ వరకే అడిగి, లోపలి సంగతి అడగకుండా ఉండటానికి రుసుము వసూలు చేసిన ప్రభుత్వం అది.

ఇంతకన్న వింత ఏమంటే, ఇదే ఊళ్ళో 1675లో పోర్చుగీసు యూదులు వీధిలోకి కనబడేలా పెద్ద ప్రార్థనామందిరం కట్టుకోగలిగారు. యూదులకు ఈ దేశం మీద హక్కు చెప్పే రాజు ఎవరూ లేడు; కాథలిక్కులకు రోములో పోపు, మాడ్రిడ్‌లో ఫిలిప్ వంశం ఉన్నారన్నది పాలకుల అనుమానం. అందుకే దీన్ని కేవలం మతవైరంగా చూడలేము. 1618–19లో కాల్విన్ పక్షపు మతపెద్దలు జరిపిన డోర్ట్ మహాసభలో ఓడిపోయిన రెమాన్‌స్ట్రాంట్లు అనే వర్గంవారు సాక్షాత్తూ కాల్విన్ సంప్రదాయంలోంచి వచ్చినవారే అయినా, 1630లో కైజర్స్‌గ్రాక్ట్ కాలువ గట్టున ఇళ్ళ వెనక చాటుగానే గుడి కట్టుకోవలసి వచ్చింది. గుంటూరు ప్రాంతంలో ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) గుడీ, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవారైన లూథరన్ల గుడీ దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్ళు చూస్తూ పెరిగిన నాకు, ఆ తేడా ఒకప్పుడు ప్రాణాల మీదికి వచ్చిందన్నది పుస్తకాల్లో చదివిన సంగతి మాత్రమే. ఆ ఇరుకు మెట్ల మీద అది ఒంటికి తగిలింది.

ఆడియో గైడు బాగుంది. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క మనిషి కథ పట్టుకుని, తేదీలతో విసిగించకుండా నడిపిస్తుంది. తీరికగా చూస్తే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. టికెట్లు ఎదురుగా సందు అవతల 2015లో తెరిచిన కొత్త భవనంలో ఇస్తారు; అక్కడినుంచి నేల కింది దారిలో పాత ఇంటికి చేరుకోవాలి. మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని, చంకలో పిల్లలున్న తల్లులను తీసుకువెళ్ళేముందు ఆలోచించుకోవాలి. ఇక్కడ ఇప్పటికీ అప్పుడప్పుడు దివ్యబలి పూజ జరుగుతుంది. నమ్మకమున్నవారు ఆ వేళ చూసుకుని వెళ్ళవచ్చు.

వరుసక్రమం గురించి ఒక సలహా. ముందు ఈ అటక చూసి, తర్వాత స్టేషన్ ఎదుట 1887లో కట్టిన సెయింట్ నికొలస్ గుడికి వెళ్ళండి. ఈ అటకలో ఉన్న భక్తసంఘం రెండు శతాబ్దాల తర్వాత మెట్లు దిగి అక్కడికే చేరింది. దాని గోపురాలు ఎంత దూరానికైనా కనిపించాలన్నట్టు కట్టారు. చివర్న, అటకకు కూతవేటు దూరంలో ఉన్న ఔడె కెర్క్ అనే పాత గుడిలో అడుగుపెట్టండి. 1578 దాకా అది కూడా సెయింట్ నికొలస్ పేరున ఉన్న కాథలిక్ గుడే. గర్భాలయం ముందున్న అడ్డుతెర పైభాగంలో డచ్చి భాషలో రెండు పాదాలు రాసి ఉంటాయి: దేవుని గుడిలోకి మెల్లమెల్లగా చొరబడిన దురాచారాన్ని డెబ్బయ్యెనిమిదో యేట ఇక్కడ తీసివేశామని వాటి భావం. గెలిచినవారు చెక్కించిన ఆ అక్షరాలను ఇప్పటికీ ఎవరూ చెరిపివేయలేదు.