ట్యాలీని నిలబెడుతున్నది మా వేళ్లే

గుంటూరులో హోల్‌సేల్ బట్టల షాపులకు పద్దులు రాస్తాను. ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీదే నా పని, దాని పాత వెర్షన్ "ఈఆర్‌పీ 9" వాడిన కాలం నుంచీ. ఇన్నేళ్లయినా దీంట్లో నాకు నచ్చింది ఒక్కటే, కీబోర్డు. పేమెంట్‌కి ఎఫ్5, రిసీట్‌కి ఎఫ్6, సేల్స్‌కి ఎఫ్8, సేవ్ చేయడానికి కంట్రోల్ ఎ. కళ్లు బిల్లు మీద ఉంటే చాలు, స్క్రీన్ వైపు చూడక్కర్లేదు. ఓచర్ (ఒక్కో లావాదేవీ ఎంట్రీ) మధ్యలో కొత్త పార్టీ పేరొస్తే ఆల్ట్ సి కొట్టి అక్కడికక్కడే ఆ పేరున లెడ్జర్ (ఖాతా) తెరిచి, మళ్లీ అదే గడిలోకి వచ్చేస్తాం.

2020 చివర్లో ట్యాలీ కొత్త వెర్షన్ ప్రైమ్ వచ్చినప్పుడు మా వాళ్లందరికీ టెన్షనే. స్క్రీన్ రూపమే మారిపోయింది, చేతులు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలేమో అని భయపడ్డాం. తీరా కూర్చుంటే, రోజూ వాడే ఎఫ్ కీలు ఉన్నచోటే ఉన్నాయి. అమ్మిన సరుకు వాపసొస్తే రాసే క్రెడిట్ నోట్ మాత్రం కంట్రోల్ ఎఫ్8 నుంచి ఆల్ట్ ఎఫ్6కి మారింది, దానికి కొన్నాళ్లు చెయ్యి పాత దారికే పోయేది. అసలు సంతోషం ఆల్ట్ జి. నేను ఎంట్రీలో మునిగి ఉండగా యజమాని "ఏమండీ, చీరాల పార్టీ బాకీ ఎంతుంది?" అని కౌంటర్ దగ్గర్నుంచి అడుగుతారు. ఎదురుగా ఆ పార్టీ మనిషి నిలబడే ఉంటాడు. ఇదివరకు రాస్తున్న ఓచర్ ముగించుకుని, మెనూల్లోంచి వెనక్కొచ్చి వెతికేవాణ్ని. ఇప్పుడు ఆల్ట్ జి కొట్టి, లెడ్జర్‌లోకి వెళ్లి పేరు ఎంచుకుంటే బాకీ కనిపిస్తుంది. చెప్పేసి ఎస్కేప్ కొడితే, సగం రాసిన ఓచర్ సగంలోనే నా కోసం ఉంటుంది. మొదటిసారి అది చూసి పక్క షాపు అకౌంటెంట్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాను.

జోహో బుక్స్, వ్యాపార్, బిజీ లాంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు ఇన్ని వచ్చాయి కదా, ట్యాలీ నిలుస్తుందా అని ఎవరడిగినా ఈ వేగమే చూపించేవాణ్ని. మా షాపుల్లో ఒకరు బ్రౌజర్‌లో నడిచే వేరే సాఫ్ట్‌వేర్ పెట్టించారు. అమ్మకాల జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీన నెట్ పోయింది, సాయంత్రం దాకా చేతులు కట్టుకుని కూర్చున్నాం. ట్యాలీలో ఎంట్రీకి నెట్‌తో పని లేదు.

అయితే ఈ వేగం విలువంతా కాగితం బిల్లుల వల్లే. 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలకు ఇ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే ఎలక్ట్రానిక్ బిల్లు, తప్పనిసరి. కొనుగోళ్ల వివరాలు జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జీఎస్టీఆర్-2బీ అనే పట్టికలో కనిపిస్తున్నాయి. ట్యాలీయే ప్రైమ్ 5.0 వెర్షన్‌లో ఆ పోర్టల్ డేటాను నేరుగా తెప్పించుకునే వీలు ఇచ్చింది. టైపు చేసే పని తగ్గేకొద్దీ నా వేళ్ల వేగానికీ గిరాకీ తగ్గుతుంది. డేటా మన కంప్యూటర్లోనే ఉండటమూ అన్నివేళలా మేలు కాదు. యజమాని పెళ్లికని హైదరాబాద్ వెళ్లి ఫోన్లో రిపోర్టు చూడాలంటే, ఇక్కడ షాపులో కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, టీఎస్ఎస్ (ట్యాలీ సబ్‌స్క్రిప్షన్) కూడా చెల్లుబాటులో ఉండాలి.

కాబట్టి జీతానికి అకౌంటెంట్ ఉండి, రోజూ కట్టలకొద్దీ బిల్లులొచ్చే షాపులకైతే ట్యాలీయే తీసుకోమంటాను. ఆ షాపులు ఇప్పట్లో దాన్ని వదలవు. ఉద్యోగ ప్రకటనల్లో ఇప్పటికీ ట్యాలీ వచ్చినవాళ్లే కావాలంటారు. ఒక్కడే కూర్చుని ఫోన్లో బిల్లు కొట్టే కొత్త షాపువాడిని మాత్రం ఈ కంపెనీ ఎలా పట్టుకుంటుందో నాకు కనిపించడం లేదు. డెబిట్, క్రెడిట్ తెలియనివాడికి ఎఫ్8 ఎంత దగ్గరగా ఉంటే ఏం లాభం? నరసరావుపేటలో మొబైల్ షాపు పెట్టిన మా బావమరిదికి ట్యాలీ వద్దని నేనే చెప్పాను. ఫోన్ యాప్‌లోనే నడిపిస్తున్నాడు. ఏడాది చివర్లో ఆ లెక్కలు ఎక్సెల్‌లో తెప్పించుకుని నా ట్యాలీలోకి ఎక్కిస్తాను, వాళ్ల ఆడిటర్ గారు అడిగేది ట్యాలీ డేటానే.