పాలకొల్లులో గాలి గుడారం, అంతర్వేదిలో అసలు ఆకాశం

నర్సాపురం ఎక్స్‌ప్రెస్ దిగి పాలకొల్లులో దిబ్బరొట్టె తింటుంటే మా బావమరిది "బావగారూ, మా ఊరి బళ్లో ప్లానెటేరియం పెట్టారండి, చూసెళ్దాం" అన్నాడు. గుండ్రటి కప్పు మీద రాత్రి ఆకాశాన్ని బొమ్మకట్టి చూపించేదన్నమాట. హైదరాబాద్‌లో 1985 నుంచీ ఉన్న బిర్లా ప్లానెటేరియం నాలుగుసార్లు చూసినవాణ్ణి, పెద్దగా ఆశ పడలేదు.

బడి ఆవరణలో బోర్లించిన గిన్నెలా బూడిదరంగు గుడారం. గుంజల్లేవు. ఫ్యాన్ ఆగకుండా గాలి కొడుతుంటే ఆ గాలికే నిలబడింది. దాదాపు పాకుతూ లోపలికెళ్లాలి. పాతికమంది పిల్లలు దూరేసరికి గాలి జారి కప్పు నెత్తిమీదకొచ్చింది, మళ్లీ ఉబ్బింది. కూర్చునేది చాపల మీదే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.

లోపల ఓ వారగా మామూలు ప్రొజెక్టరు, దానికెదురుగా రోడ్డు మలుపుల్లో పెట్టేలాంటి ఉబ్బెత్తు అద్దం. బొమ్మ అద్దం మీద పడి కప్పంతా పరుచుకుంటుంది. చుక్కలు సూదిమొనల్లా లేవు, బియ్యపు నూకల్లా ఉన్నాయి. ఆ విషయంలో హైదరాబాదే మేలు. కానీ హైదరాబాద్ మన ఊరికి రాదుగా! 1923లో జైస్ కంపెనీ ఇంజనీరు బావర్స్‌ఫెల్డ్ మ్యూనిక్‌లో చూపించిన మొదటి ప్లానెటేరియం యంత్రం 4,500 చుక్కలు వేసేది, కొనడం మాత్రం పెద్ద నగరాలకే చెల్లింది. 1947లో అమెరికాలో ఆర్మండ్ స్పిట్జ్ పన్నెండు ముఖాల డొల్లకి బెజ్జాలు పెట్టి, లోపల దీపం వెలిగించి, 500 డాలర్లకి అమ్మాడు. అప్పట్నుంచి చిన్న ఊళ్లకీ, కాలేజీలకీ అందింది. 1970ల చివర్లో గాలి గుడారం, తర్వాత కంప్యూటరు తోడయ్యాయి. మేం చూసింది కారు డిక్కీలో వచ్చింది.

చూపించే కుర్రాడు ధ్రువ నక్షత్రాన్ని బాగా కిందికి దించాడు. మన అక్షాంశం 16 డిగ్రీల పైచిలుకు, ఉత్తరాన అదీ అంతే ఎత్తులో ఉంటుందట. చాచిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు, కాబట్టి ఒక పిడికిలి, పైన ఇంకో అర పిడికిలి పైచిలుకు. మా అమ్మాయి ఆ లెక్క వదల్లేదు.

సాయంత్రం నర్సాపురంలో గోదావరి దాటించే పంటెక్కి సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది. జనవరి, అమావాస్య ముందురోజు. గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచి, లైట్‌హౌస్ వెలుగుకి వీపు పెట్టి కూర్చున్నాం. ఎనిమిదిన్నరకి సముద్రం మీద అగస్త్య నక్షత్రం తళతళలాడుతోంది. అమ్మాయి ఉత్తరానికి తిరిగి పిడికిలి పట్టింది. అక్కడ కొబ్బరిచెట్లు! ధ్రువుడు మట్టల వెనకెక్కడో ఉన్నాడు. నడినెత్తిన చిన్న గుంపు చూపించి "కృత్తిక" అంది, గుడారంలో నేర్చిందే. వేరుశనక్కాయలమ్మే ముసలమ్మ విని "పిల్లలకోడి కదమ్మా అది" అంది.

మేం లేచేసరికి పంటు కట్టేశారు. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాం. వెళ్లేది అమావాస్య రోజుల్లోనే పెట్టుకోండి, వెనక్కి బండి మాత్రం ముందే మాట్లాడుకోండి. మేం దిగిన చోట గది శుభ్రంగానే ఉంది కానీ, తోటంతా తెల్లారేదాకా ఫ్లడ్‌లైట్లు, ఒక్క చుక్క కనపళ్లేదు. పదకొండింటికి చేరేసరికి వంటగది మూసేశారు. సంచిలో మిగిలిన దిబ్బరొట్టె చల్లారినా బాగానే ఉంది.