పాత స్ప్లెండర్‌కు ఫిల్టర్, జెట్ మార్పు: డెల్టాలో అన్ని కాలాలూ వాడి చూశాక

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండులో కొన్న 2009 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. 97.2 సీసీ ఇంజను, ఏడున్నర హార్స్‌పవర్‌కు అటూఇటూ శక్తి. అమలాపురం నుంచి ముమ్మిడివరం వైపు చెరువుల మీదికి వెళ్లి రావడం, అవసరమైనప్పుడు వెనక రొయ్యల మేత బస్తా కట్టుకుని ఏటిగట్టు ఎక్కి దిగడం దీని పని. గాలి లోపలికి వెళ్లే దారిలోనూ, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటర్‌లోనూ చేయించిన మార్పులను కొన్నేళ్లుగా ఎండలోనూ వానలోనూ నూర్పిళ్ల ధూళిలోనూ వాడి చూశాను. గాలి ఫిల్టర్ ఉండే బాక్సును యథాతథంగా ఉంచి, మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్క) ఒక్క సైజు పెంచి, నీడిల్‌ను (యాక్సిలరేటర్‌తో పాటు లేచి పెట్రోలు దారి తెరిచే సూది) ఒక గాటు లేపి సెట్ చేసిన బండి, బాక్సు పీకేసి ఓపెన్ ఫిల్టర్ (బాక్సు లేకుండా బయటే ఉండేది) బిగించిన బండి కంటే మన ప్రాంతంలో ఎంతో మేలని నా నిశ్చితాభిప్రాయం.

ఓపెన్ ఫిల్టర్‌ను కూడా ఒక పంట కాలం పూర్తిగా వాడిన తర్వాతే ఈ మాట అంటున్నాను. హైవే మీద ఖాళీ బండితో వెళ్తున్నప్పుడు ఇంజను కాస్త తేలిగ్గా తిరిగినట్టు అనిపించిన మాట నిజం. శబ్దం పెరగడం వల్ల ఆ భావన ఇంకొంచెం ఎక్కువైంది. కానీ వృద్ధ గౌతమి గట్టు మీదికి ఎక్కే వాలులో, సెకండ్ గేరులో బస్తా బరువుతో యాక్సిలరేటర్ తిప్పితే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి అప్పుడు అందుకునేది. బాక్సులో నిలిచి ఉండే గాలి వల్ల ఇంజను పీల్పు నిలకడగా ఉంటుంది. అది లేనప్పుడు తక్కువ వేగంలో గాలి, పెట్రోలు మిశ్రమం చెదురుతుంది. పైగా సార్వా కోతల రోజుల్లో రోడ్ల మీదే ధాన్యం ఆరబోసి ఎగరబోస్తారు కదా, ఆ ధూళి అంతా నేరుగా ఫిల్టర్ మీదికే వస్తుంది. ఆ రోజుల్లో కార్బురేటర్‌కూ ఫిల్టర్‌కూ మధ్యనున్న రబ్బరు జాయింటు విప్పి లోపల వేలు పెట్టి తుడిస్తే, వేలికి బూడిద రంగు మెత్తటి పొడి నూనెతో కలిసి అంటుకుంది. పిస్టన్ రింగులనూ, పిస్టన్ కదిలే బోరునూ అరగదీసేది ఆ పొడే. "బాక్సు తియ్యకండి బాబూ, దుమ్మంతా బోరులోకి పోద్దండి" అని మెకానిక్ మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. వర్షంలో నీళ్లు చిమ్మి ఫిల్టర్ తడిసినప్పుడు మిస్సింగ్ కొట్టడం మరో సమస్య.

ఇప్పుడున్న ఏర్పాటులో బాక్సు, దాని మూతి గొట్టం కంపెనీవే. లోపల మాత్రం కాగితపు ఫిల్టర్ స్థానంలో కడుక్కోగల ఫోమ్ ఉంది. కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు, నిండితే మార్చవలసిందే. ఫోమ్‌ను సబ్బు నీళ్లలో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, కొద్దిగా నూనె పట్టించి పిండి వేసుకోవచ్చు. కోతల సమయంలో ఈ పని తరచుగా చేయాలి. మిగతా కాలంలో అంత శ్రమ ఉండదు.

జెట్ ఎందుకు పెంచాలన్నది అసలు విషయం. ఈ డెల్టా సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది, కాబట్టి కొండ ప్రాంతాల్లోలాగా పలుచని గాలికి తగ్గట్టు జెట్ తగ్గించే అవసరం ఇక్కడ రాదు. ఇక్కడ మారినది పెట్రోలు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి; ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. అంటే అదే గాలికి ఇప్పుడు ఇంధనం ఎక్కువ అందాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి చాలావరకు తానే సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే ఇస్తుంది. అందుకే మిశ్రమం పలచబడి, ఇంజను వేడెక్కి, పికప్ తగ్గుతుంది. ఒక సైజు పెద్ద జెట్ ఆ లోటును పూడ్చింది.

అయితే మెయిన్ జెట్ పని చేసేది యాక్సిలరేటర్ మూడొంతులు తిప్పిన తర్వాతే. మొదటి పావు వంతు, తక్కువ తిప్పినప్పుడు పెట్రోలిచ్చే చిన్న పైలట్ జెట్, మిశ్రమాన్ని సరిచేసే మిక్చర్ స్క్రూల చేతిలోనూ, మధ్య భాగం నీడిల్ చేతిలోనూ ఉంటాయి. బరువుతో గట్టు ఎక్కేటప్పుడు నాకు పనికొచ్చింది నీడిలే. దాని క్లిప్పును ఒక గాటు కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. కొన్ని కార్బురేటర్లలో నీడిల్‌కు గాట్లుండవు. వాటిలో క్లిప్పు కింద సన్నని వాషర్ వేసి లేపుతారు. ఇలా మార్చిన తర్వాత కొంత దూరం నడిపి స్పార్క్ ప్లగ్గు విప్పి చూడడం తప్పనిసరి. కొన తెల్లగా ఉంటే పెట్రోలు చాలనట్టు, నల్లటి మసి పట్టితే ఎక్కువైనట్టు, లేత గోధుమ రంగులో ఉంటే సరిపోయినట్టు. రెండు సైజుల పెద్ద జెట్ వేసినప్పుడు మసి స్పష్టంగా కనబడింది, అందుకే ఒక్కదానితో ఆపించాను.

మైలేజీ కొంత తగ్గింది. లీటరుకు 60 దాటే బండి ఇప్పుడు 55 ప్రాంతంలో ఇస్తోంది. బరువు మోసే బండికి ఇది నాకు సమ్మతమే; ఒక్కరే ఊళ్లో తిరగడానికి వాడేవారు జెట్ జోలికి పోకుండా కార్బురేటర్ శుభ్రం చేయించి, మిక్చర్ స్క్రూ సరిచేయించుకుంటే చాలు. పొల్యూషన్ పరీక్షలో ఇలాంటి బండికి కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం మించకూడదు. మార్పుల తర్వాత కూడా బండి ప్రతిసారీ పాసయింది, ఎందుకంటే పరీక్ష జరిగేది ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా), పైలట్ జెట్‌ను మేము ముట్టుకోలేదు.

ఉప్పు గాలి తగిలే ఊళ్లలో కార్బురేటర్ ఒంటి మీద తెల్లటి పొర లేస్తుంది, దాన్ని ఎప్పటికప్పుడు తుడవాలి. ఇథనాల్ తేమను పీల్చుకునే గుణం గలది కాబట్టి, బండిని వారాల తరబడి నిలిపేటప్పుడు పెట్రోలు కాక్ కట్టేసి, బౌల్ (కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) కింది స్క్రూ వదులు చేసి లోపలి పెట్రోలు వంచేస్తున్నాను. పాత పెట్రోలు పైపు, బౌల్ రబ్బరు రింగు, బౌల్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ కొన గట్టిపడి ఉంటే జెట్‌తో పాటే మార్పించాలి. అవి కొత్తగా వేయించినప్పటి నుంచి నా బండిలో ఓవర్‌ఫ్లో రాలేదు.