అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాళ్లలో (రన్నింగ్ బ్యాక్‌లు) ఎవరు గొప్ప: బ్యారీ శాండర్సా, ఎమ్మిట్ స్మితా?

నా ఓటు బ్యారీకే. 1988లో ఓక్లహామా స్టేట్ యూనివర్సిటీ తరఫున ఒక్క సీజన్‌లో 2,628 గజాలు పరుగెత్తి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ కొట్టాడు, ఆ తర్వాత ప్రొఫెషనల్ జట్టు డెట్రాయిట్ లయన్స్‌లో పదేళ్లు, నలుగురు మీద పడుతున్నా సందు చూసుకుని జారిపోతూ, 1997లో 2,053 గజాలు సాధించి, కెరీర్ మొత్తం పరుగు గజాల్లో వాల్టర్ పేటన్ రికార్డు ఇంకా 1,457 గజాల దూరంలో ఉండగానే 1999లో ఆట వదిలేశాడు. ఆ నిర్ణయం నాకిప్పటికీ బాధే.

ఎమ్మిట్ ఫ్లోరిడా యూనివర్సిటీ నుంచి డాలస్ కౌబాయ్స్ జట్టుకి వచ్చాడు. మూడు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజయాలు, కెరీర్ మొత్తం మీద 15 సీజన్లు, 18,355 గజాలు. ఆ రికార్డు ఇంకా అతనిదే. అంతా ముందుండి ప్రత్యర్థుల్ని అడ్డుకుని దారి చేసే లైన్ ఆటగాళ్ల చలవే అంటే ఒప్పుకోను, అన్నేళ్లు దెబ్బలు తింటూ నిలబడటం మామూలు విషయం కాదు. కానీ ఒక్కో పరుగుకి సగటు చూడండి: ఎమ్మిట్ 4.2 గజాలు, బ్యారీ 5.