వినెగర్ గాఢత కొలిచే బ్యూరెట్ సెట్టు: రెండేళ్ల వాడకం తర్వాత

50 మి.లీ. క్లాస్ బి (మామూలు కచ్చితత్వం) బ్యూరెట్, అంటే మి.లీ. గీతలుండి కింద కాక్ (తిప్పే కుళాయి) ఉన్న సన్నని గాజు గొట్టం; మాది టెఫ్లాన్ కాక్‌ది. దానితో 25 మి.లీ. పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టం), దాంట్లోకి పీల్చే రబ్బరు బల్బు, 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కు. హైదరాబాద్ కిరాణా కొట్లలో దొరికే వినెగర్‌లో ఆమ్లం ఎంతుందో చూడడానికి ఇది చాలు. బ్యూరెట్ సతాయించదు, సతాయించేది అందులో పోసే కాస్టిక్ సోడా (ఆమ్లాన్ని తటస్థం చేసే క్షారం, కింద సోడా అంటే ఇదే).

కాక్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. గాజు కాక్ ఉన్నదాంట్లో సోడా రాత్రంతా వదిలేస్తే బిగుసుకుపోతుంది, గ్రీజు ఎక్కువైతే కొన మూసుకుపోతుంది. టెఫ్లాన్‌కి ఆ బాధల్లేవు గానీ నట్టు మెల్లగా వదులవుతుంది. వాడేముందు నీళ్లు నింపి పది నిమిషాలు చూస్తే కారుతోందో లేదో తెలిసిపోతుంది.

10 మి.లీ. వినెగర్‌ని 100 మి.లీ.కి పలచన చేసి, అందులో 25 మి.లీ. ఫ్లాస్కులోకి తీసుకుని, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ (ఆమ్లం అయిపోగానే గులాబీ రంగుకి తిరిగే సూచిక) వేసి, గులాబీ వచ్చేదాకా బ్యూరెట్ నుంచి సోడా వదలాలి. మిథైల్ ఆరెంజ్ అనే ఇంకో సూచిక పనికిరాదు: అది పీహెచ్ 4.4కే పసుపుకి తిరిగిపోతుంది, అప్పటికి ఆమ్లంలో పదింట మూడు వంతులే తటస్థమై ఉంటుంది. ఖర్చైన సోడా మి.లీ. × సోడా నార్మాలిటీ (దాని గాఢత చెప్పే అంకె) × 2.4, అదే వినెగర్ ఆమ్ల శాతం. 0.1 నార్మల్ సోడాతో 4 శాతం వినెగర్‌కి 16.7 మి.లీ. పడుతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) కనీసం 3.75 శాతం ఉండాలంటుంది, అంటే 15.6 మి.లీ.

లీటరుకి 4 గ్రాముల సోడా పూసలు కలిపేసి 0.1 నార్మల్ అయిందనుకోవద్దు. వానాకాలంలో తూచేలోపే తేమ పీల్చి జిగటగా అంటుకుంటాయి. 1.576 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లాన్ని (స్ఫటికాలు) 250 మి.లీ.కి కలిపి, అందులో 25 మి.లీ. తీసి సోడాతో చూస్తే అసలు లెక్క బయటపడుతుంది. సోడా సరిగ్గా 0.1 అయితే 25 మి.లీ. పట్టాలి, మాకు ఒకసారి 26.9 పట్టింది: అంటే సోడా 0.093 మాత్రమే. చూడకుండా వాడి ఉంటే 4 శాతం వినెగర్ 4.3 అని తేలేది. కలిపిన సోడాని ప్లాస్టిక్ సీసాలోనే, మూత బిగించి ఉంచాలి.

బోరు నీళ్లతో పలచన చేస్తే ఒక్కో ఫ్లాస్కుకీ ఒక్కో అంకె వస్తుంది. నీళ్లలోని బైకార్బొనేట్ ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, ఫ్లాస్కు తిప్పేటప్పుడు అది ఎంత ఎగిరిపోతే రీడింగ్ అంత తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటర్‌ని మరిగించి చల్లార్చి వాడాలి.

మొదలుపెట్టే ముందు కాక్ కింద కొనలో గాలి బుడగ లేకుండా చూడాలి, గరాటు తీసేయాలి. చివర్లో గులాబీ మెరుపు మాయమవడానికి సమయం పడుతోందంటే చుక్క చుక్కగా వదలాలి. కొనకి వేలాడే అరచుక్కని ఫ్లాస్కు గోడకి తాకించి, డిస్టిల్డ్ నీళ్లతో కడిగి దింపాలి. 30 సెకన్లు నిలిచే లేత గులాబీ చాలు, ముదురు వచ్చిందంటే దాటేసినట్టే. తర్వాత రంగు వెలిసిపోయినా ఇంకో చుక్క వేయొద్దు, అది గాలి చేసే పని.

యాపిల్ సైడర్ వినెగర్ గోధుమ రంగుకి గులాబీ సరిగ్గా కనపడదు. సోడా కలపని పలచని వినెగర్‌ని ఇంకో ఫ్లాస్కులో పోసి, రెండిటినీ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే తేలిక.

బ్యూరెట్‌లో పాడైనది పైగీతల రంగే. నింపేటప్పుడు సోడా బయటికి కారి 0 నుంచి 3 దాకా చెరిగిపోయింది, అందుకని ఇప్పుడు 5 దగ్గర మొదలుపెట్టి 22 దగ్గర ఆపుతున్నాం.